కరువులో లావెక్కిన కోడలు

కాళ్ళు కడుక్కున్నారా? సరే, జరగండి. ఒరే గిరీ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లికేం మిగుల్తుందిరా? ఊఁ కొడుతూ ఉండాలి. మీరు ఆపారంటే నేనూ ఆపేసి గుర్రుపెడతా, మళ్ళీ నన్నేమీ అనకూడదు.

అనగా అనగా, రెండేళ్ళుగా వాన మొహం ఎరగని ఒక ఊళ్ళో తిప్పమ్మ అని ఒకావిడ ఉండేది. గొర్రెలవాళ్ళు. ఆవిడకి ఒక్కడే కొడుకు, బీరప్ప. కోడలి పేరు సుంకులమ్మ. అంత పేరు ఎవరు పిలుస్తారు, సుంకులూ అనేవాళ్ళు. ఏడాది కూడా నిండని చంటిపిల్ల ఒకతి. ఊరి చుట్టూ మట్టికోట, ఆ కోటకో రాజు. పెద్ద రాజేం కాదులే. ఏనుగులూ పల్లకీలూ లేవు. ఉన్న నాలుగు గుర్రాలనీ మేపలేక మేనమామ ఊరికి తోలేశాడు.

ఆ రాజుకి ఒకటే జబ్బు. అనుమానం. కోటలో మూడు జొన్న పాతరలున్నాయి. పాతరంటే తెలీదూ? భూమిలో బావిలాగా తవ్వి, లోపల గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన బండపెట్టి మట్టితో మెత్తేస్తారు. ఆ మట్టిమీద బూడిదతో రాజుగారి ముద్ర. ఎవరన్నా చెయ్యిపెడితే ముద్ర చెదిరిపోతుంది, దొరికిపోతారు. అది చాలదని రాజు ఒక కాపలావాణ్ణి పెట్టాడు. కాపలావాడి మీద అనుమానం వచ్చి వాడికో కాపలా పెట్టాడు. ఆ రెండోవాడి మీద అనుమానం వచ్చి మూడోవాణ్ణి పెట్టాడు. మూడోవాడి మీద అనుమానం వచ్చి, ఇక మనుషుల్లేక, తనే వెళ్ళి కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని, తన మీద తనకే అనుమానం వచ్చి లేచొచ్చేశాడు. నవ్వకండర్రా, అట్లాంటివాళ్ళు ఉంటారు.

గడ్డి లేకపోయేసరికి ఊళ్ళో మగవాళ్ళంతా గొర్రెల్ని తోలుకుని పడమటి అడవులకి పోయారు. బీరప్పా పోయాడు. పోతూ పోతూ పెళ్ళాంతో, అమ్మని చూసుకో అన్నాడు. అమ్మతో, సుంకుల్ని చూసుకో అన్నాడు. మిగిలినవాళ్ళకి రోజూ పొద్దున కోట వాకిట్లో కొలత. మనిషికి గిద్దెడు జొన్నలు. గిద్దెడంటే ఇదిగో, నా గుప్పెట్లో పట్టేటన్ని. చంటిపిల్లలకి లేవు. పళ్ళు లేనిదానికి జొన్నలెందుకని రాజు అనుమానం. అంటే తిప్పమ్మ ఇంట్లో లెక్క ఏంటి? రెండు గిద్దెల జొన్నలు, ఒక కడవ నీళ్ళు, మూడు ప్రాణాలు. పొద్దునా అంతే, మాపునా అంతే, మర్నాడూ అంతే. రెండు గిద్దెల జొన్నలు, ఒక కడవ నీళ్ళు, మూడు ప్రాణాలు.

ఊఁ కొడుతున్నారా?

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఊరంతా ఎండిపోయారు. ఆడవాళ్ళ గాజులు మోచేతుల దాకా జారుతున్నాయి. చెంపలు లోపలికి పోయాయి. అందరూ అట్లా అవుతుంటే, తిప్పమ్మ ఒకరోజు కోడలి మొహం చూసి ఆగిపోయింది. సుంకులు చెంపలు నిండుగా ఉన్నాయి. కళ్ళకింద ఉబ్బుగా, బొద్దుగా ఉంది. పాదాలు చూస్తే నున్నగా, పూరీల్లాగా ఉన్నాయి. కాళ్ళ కడియాలు ఒరుసుకుంటున్నాయని నెయ్యి లేక నీళ్ళు రాసి తీస్తోంది.

తిప్పమ్మ గుండెలో ముల్లు దిగింది. ఇది ఎక్కడో తింటోంది.

ఇక చూడండి, ఆవిడ కంటికి ప్రతీదీ సాక్ష్యమే. అంబలి పోసేటప్పుడు సుంకులు గోడకి తిరిగి పోస్తుంది. ఎందుకు తిరగాలి? దాచుకోవడానికే. ఎండ మాడిపోతున్నా కంబళి కప్పుకుని తిరుగుతుంది. ఎందుకు కప్పుకోవాలి? లోపల ఏదో ఉంది. నీళ్ళకి పోతే అడుగులో అడుగేసుకుంటూ వస్తుంది. కడుపు నిండినవాళ్ళ నడక కదూ అది! ఒక మధ్యాహ్నం తిప్పమ్మ నిద్రపోయినట్టు పడుకుని, కొంగు సందులోంచి చూసింది. సుంకులు తన ముంత తీసుకుని పెరట్లోకి పోయి, నిలబడి, గటగటా ఒక్క గుక్కలో తాగేసింది. ఆకలిగా ఉన్నవాళ్ళు అట్లా తాగుతారా? నాలిక మీద పెట్టుకుని, చప్పరించి చప్పరించి తాగుతారు గానీ!

ఇక ఉండబట్టలేక అడిగేసింది. "ఏమే, ఆకలేయడం లేదా నీకు?"

"లేదత్తా. మొదట్లో వేసేది. ఇప్పుడు వెయ్యడం లేదు."

ఊరు ఊరంతా ఆకలితో గోడలు గీకుతుంటే దీనికి ఆకలి లేదట! తిప్పమ్మ పైకి ఊఁ అంది. పిండి కుండ లోపల బొగ్గుతో గీత గీసి, పొద్దునొకసారి, మాపునొకసారి చూసింది. పిండి తగ్గాల్సినంతే తగ్గుతోంది, గింజ ఎక్కువ పోవడం లేదు. అయితే ఇంట్లోది కాదు. బయటిది.

సరిగ్గా అప్పుడే కోటలో గోల పుట్టింది. మూడో పాతర తెరిచి చూస్తే జొన్నలు సగానికి దిగిపోయాయి. ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు! పైన బూడిద బూడిదలాగే ఉంది, లోపల గింజలు లేవు. రాజుకి నిద్ర పట్టలేదు. దండోరా వేయించాడు. దొంగ దొరికితే దొంగనీ, దొంగ ఇంటివాళ్ళనీ కోట బయటికి తోలేస్తా అన్నాడు. దొంగని పట్టిచ్చిన ఇంటివాళ్ళని మాత్రం వదిలేస్తా అన్నాడు. బయటికి తోలడమంటే ఏంటో తెలుసా? చుట్టూ మూడు రోజుల నడక దూరం ఎక్కడా చుక్క నీళ్ళు లేవు.

ఊళ్ళోవాళ్ళ చూపులు తిప్పమ్మ వాకిట్లోకి వచ్చి ఆగడం మొదలుపెట్టాయి. కొలత దగ్గర ఒకావిడ, మీ కోడలికి బాగా ఒళ్ళొచ్చిందే అంది. ఇంకొకావిడ నవ్వింది. ఎవరో ఒకరు చెప్తారు. వాళ్ళు చెప్తే అందరం పోతాం, పసిదానితో సహా. నేను చెప్తే పసిదన్నా మిగుల్తుంది. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మూడోరోజు పొద్దున కోటకి పోయి చెప్పేసింది.

అవున్రా, సొంత కోడలి మీదే. ఊఁ కొట్టడం మానేశారేం? నాకూ ఈ చోట చెప్పబుద్ధి కాదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలిగా.

సుంకుల్ని పిలిపించారు. రాజు ఆమెని చూశాడు, గుమిగూడిన జనాన్ని చూశాడు. అందరూ చీపురుపుల్లలు, ఈమొక్కతే బొద్దుగా ఉంది. ఎక్కడ తిన్నావని గద్దించాడు. ఎక్కడా తినలేదంది సుంకులు. అత్తవైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. పిల్లని పాలకి రోజూ తెస్తావా అత్తా, అని మాత్రం అడిగింది.

రాజుకి ఆమె మాట మీదా నమ్మకం లేదు, అత్త మాట మీదా నమ్మకం లేదు. అందుకని పరీక్ష పెట్టాడు. గుర్రాలు లేని పాత సాలలో సుంకుల్ని పెట్టి, వాకిట కాపలా పెట్టి, అందరికీ ఇచ్చే గిద్దెడే వండి పెట్టమన్నాడు. దొంగతిండి ఆగిపోయాక చిక్కిపోయిందా, దొంగే. చిక్కలేదా, అప్పుడు చూద్దాం అన్నాడు.

ఆ రోజు తిప్పమ్మ తన గిద్దెడు తనే దంచుకుని, తనే కాచుకుంది. ముంతలో పోసుకుని చూస్తే, ఇదేంటి? ముంత అడుగున నీళ్ళలా కదులుతోంది. రోజూ గరిట నిలబడేంత చిక్కగా, ముంత నిండుగా ఉండేది. నీళ్ళెక్కువయ్యాయేమో అనుకుంది. మర్నాడు నీళ్ళు తగ్గించింది. చిక్కబడింది గానీ నాలుగు గుక్కల్లో అయిపోయింది. మూడోరోజు కళ్ళు తిరిగాయి. నాలుగోరోజు మిట్టమధ్యాహ్నం ఒళ్ళు చలిపెట్టింది.

ఆవిడకి వెంటనే అనుమానం వచ్చింది. ఎవరి మీద? కొలిచేవాడి మీద! గిద్దకి అడుగున మైనం పెట్టాడు, దొంగ వెధవ, అనుకుని కోట వాకిట్లోకి పోయి వాడి చేతిలో గిద్ద లాక్కుంది. బోర్లించి చూసింది. వేలుపెట్టి చూసింది. గోరుతో గీకి చూసింది. ఏం లేదు. వాడు తలకొట్టుకుని, ఆవిడ కళ్ళముందే కొలిచి పోశాడు, పోగు పెట్టి మరీ పోశాడు. ఇంటికొచ్చి కాచింది. అదే నాలుగు గుక్కలు.

పొయ్యి ముందు కూర్చుని ముంతలోకి చూస్తూ ఉండిపోయింది. గిద్దెడు జొన్నలకి వచ్చేది ఇంతే. మరి ఇన్నాళ్ళూ నా ముంత నిండుగా ఎట్లా ఉంది? ఆ చిక్కదనం ఎవరిది?

గోడకి తిరిగి పోయడం గుర్తొచ్చింది. గటగటా తాగడం గుర్తొచ్చింది. పైన తేరిన తేట నీళ్ళని చప్పరించి తాగాల్సిన పనేముంది?

ముంత అక్కడే పడేసి, పిల్లని చంకనేసుకుని కాశమ్మ ఇంటికి పరిగెత్తింది. కాశమ్మ ఊరికి మంత్రసాని. తొంభై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు ఒక పెద్ద కరువు కళ్ళారా చూసింది. తిప్పమ్మ చెప్పిందంతా విని ఆ ముసలావిడ ఒకటే అడిగింది. "కోడలి కాలు నొక్కి చూశావా?"

"కాలెందుకు నొక్కుతాను? దాని కాళ్ళు నేను పట్టేదేంటి?"

"దొంగతనం అంటగట్టడానికి పనికొచ్చావు గానీ, కాలు పట్టుకోడానికి పనికిరావా? పద."

ఇద్దరూ సాల దగ్గరికి పోయారు. రోజూ పిల్లనొక్కదాన్నే పాలకి లోపలికి తీసుకుపోయే కాపలావాడు, మంత్రసాని వచ్చిందని ఇవాళ వీళ్ళనీ లోపలికి వదిలాడు. సుంకుల్ని చూసి తిప్పమ్మ నోరు నొక్కుకుంది. అయిదురోజుల్లో బొద్దుతనమంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఎముకలకి చర్మం అతికించినట్టుంది. పాదాల దగ్గర మాత్రం ఇంకా కొంచెం ఉబ్బు మిగిలుంది. కాశమ్మ అక్కడ బొటనవేలితో నొక్కి తీసింది. తడిమట్టిలో వేలు గుచ్చినట్టు గుంట పడింది. పడింది పడినట్టే ఉంది, పైకి లేవలేదు.

"చూశావా? ఇది కండ కాదు, నీరు," అంది కాశమ్మ. ఇంకా చాలా చెప్పింది. తిండి తగ్గగానే ఒళ్ళు ముందు దాచుకున్న కొవ్వు తీసి వాడుకుంటుందట. అదయ్యాక కండ కరిగించుకుంటుంది. ఊరికే కరిగించదు, పొదుపు మొదలుపెడుతుంది. ఒంట్లో వేడి తగ్గించేస్తుంది, అందుకే ఎండలోనూ చలి. నడక నెమ్మది చేస్తుంది. జుట్టు రాల్చేస్తుంది. ఎంత మొత్తుకున్నా ఎవరూ పెట్టడం లేదని తెలిసిపోయి, కొందరికి ఆకలి మొత్తుకోవడం కూడా మానేస్తుంది. పసిదానికి పాలు మాత్రం చివరిదాకా ఆపదు, తల్లిని కరిగించైనా ఇస్తుంది. ఇక రక్తంలో సత్తువ అయిపోయాక, ఒంట్లో నీరు ఉండాల్సినచోట ఉండక కాళ్ళలోకీ మొహంలోకీ చేరుతుంది. చూసేవాళ్ళకి అదే ఒళ్ళొచ్చినట్టుంటుంది. "ఇక్కడ దీని గిద్దెడు ఇదే తిని, పనీపాటా లేకుండా పడుకుంది. అందుకే ఆ నీరు దిగిపోయింది. ఇప్పుడు కనిపిస్తున్నదే అసలు సుంకులు."

తిప్పమ్మ కోడలి కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. "ఎందుకే అట్లా చేశావు? చెప్పొచ్చు కదే!"

సుంకులు పిల్లకి పాలిస్తూ, నీరసంగానే నవ్వింది. "మొదటి నెలలో నువ్వు నూతి దగ్గర పడిపోయావు కదత్తా. భయమేసింది. చెప్తే తాగవు. పైగా అరుస్తావు."

ఇక్కడ మీరు ఊఁ కొట్టకపోయినా నేనేమనను.

వీళ్ళిట్లా ఉండగానే రాజు వచ్చాడు. సుంకుల్ని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. చిక్కింది! దొంగే! అన్నాడు. రేపు పొద్దెక్కేసరికి కోట బయట అన్నాడు. మర్నాడు జనమంతా కోట వాకిట్లో పోగయ్యారు. తిప్పమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"దొరా, నేను చెప్పింది తప్పు. దీని కూడు తిన్నది నేను. తెలీక తిన్నా, కానీ తిన్నది నేనే. తోలితే నన్ను తోలండి."

రాజు కళ్ళు చిట్లించాడు. అయిదురోజుల క్రితం దొంగ అన్నావు, ఇప్పుడు కాదంటున్నావు, ఎంత జొన్న పంచుకున్నారు ఇద్దరూ అన్నాడు. అప్పుడు కాశమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. ముందువరసలో ఈ నాలుగురోజుల్లోనే మొహాలు బొద్దెక్కినవాళ్ళు ఇంకో నలుగురున్నారు, వాళ్ళని కూర్చోమంది. అందులో ఒకడు రాజుగారి రెండో కాపలావాడే. వాడి కాలు నొక్కింది. గుంట. పక్కావిడది నొక్కింది. గుంట. ఆ పక్కన ముసలాయనది నొక్కింది. ఇంకా లోతు గుంట.

నీ వేలిలో ఏదో మాయ ఉందన్నాడు రాజు. అయితే మీరే నొక్కండి దొరా అంది కాశమ్మ. రాజు కిందకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని కాపలావాడి కాలు నొక్కాడు. గుంట పడింది. లేస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. లేవలేదు. ఇంకొకరిది నొక్కాడు. లేవలేదు. అందరికీ ఇట్లాగే పడుతుందేమో, మనిషి కాలే ఇంతేమో అని అనుమానమొచ్చి, పంచె పైకి లాగి తన కాలు నొక్కుకున్నాడు.

ఠక్కున లేచింది. వేలు తీయగానే, నొక్కినట్టే లేదు.

రెండో కాలు నొక్కుకున్నాడు. అదీ లేచింది. తలెత్తి చూస్తే ఊరంతా ఆయన కాలి వైపే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆయన అందరినీ చూసిన చూపే, ఇప్పుడు అందరి కళ్ళల్లోనూ ఉంది.

రాజు పంచె దించుకున్నాడు. లేచి, పాతరలు తెరవండి, అడుగుదాకా తవ్వండి అన్నాడు. తవ్వితే ఏముంది! మూడో పాతర అడుగున ఇంతింత కన్నాలు. పందికొక్కులు! పైన ముద్రకి కాపలా కాస్తూ కూర్చున్నారు గానీ, కింద ఏం జరుగుతోందో ఒక్కడూ చూడలేదు. కన్నాల వెంట తవ్వుకుంటూ పోతే కోటగోడ అవతల దాకా సొరంగాలు. గది తరవాత గది, అన్నిట్లోనూ జొన్నలు. బళ్ళకెత్తుకునేటన్ని బయటపడ్డాయి. కడిగి ఎండబోసుకున్నారు.

ఆ సంబరంలో రాజు, ఇవాళ ఊరందరికీ కడుపునిండా సంగటి, బెల్లం అన్నాడు. కాశమ్మ కర్ర అడ్డంపెట్టింది. మా అప్పటి కరువులో చచ్చినవాళ్ళలో సగంమంది ఆకలితో చావలేదు, ఆకలి తీరినరోజే చచ్చారంది. పస్తులకి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా పెడితే తట్టుకోలేదట, గుండె ఆగిపోతుందట. అందుకని మొదటిరోజు పల్చటి అంబలి, గుక్కెడు గుక్కెడు, గంటకోసారి. మర్నాడు కాస్త చిక్కగా. పదిరోజులకి గానీ సంగటి మాటెత్తకూడదంది. రాజుకి అనుమానం వచ్చింది గానీ, ఈసారి నోరుమూసుకున్నాడు. చంటిపిల్లల తల్లులకి ఇంకో గిద్దెడు ఎక్కువ కొలవమని మాత్రం చెప్పాడు. తన కంచంలోకీ ఆరోజునుంచి అందరి కొలతే.

తిప్పమ్మ కోడల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెంచాతో పోసేది. సుంకులు ఒక చెంచా తాగి, నువ్వు తాగితే గానీ రెండోది తాగనని మూతి బిగించేది. ఈవిడ తాగినట్టు నటించేది. ఆమె కనిపెట్టేది. గొడవపడేవాళ్ళు. ఇట్లా గొడవపడుతూ పడుతూ ఇద్దరూ కొంచెం కొంచెంగా తేరుకుంటున్నారు. ఈలోగా ఆకాశం కరిగింది. వాన పడింది, చెరువులు నిండాయి, పడమటినుంచి మందలన్నీ తిరిగొచ్చాయి.

బీరప్ప వాకిట్లోకి రాగానే పెళ్ళాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు. తల్లివైపు తిరిగి, ఏమ్మా, సుంకులు ఇంతలా చిక్కిపోయిందేం, దీనికి నువ్వు తిండి పెట్టలేదా అన్నాడు.

"పెట్టలేదురా," అంది తిప్పమ్మ. "అదే నాకు పెట్టింది."

బీరప్పకి అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సుంకులు కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఒకటే నవ్వు. నవ్వు ఆపుకోలేక పొయ్యి దగ్గరికి పోయి, ముగ్గురికీ సంగటి ముద్దలు చేసింది. ఊరికే తింటూ కూర్చున్నారు, వాన పడుతూ ఉంది.

చూశారా మరి? మనిషి మొహం చూసి వాళ్ళ కడుపులో ఏముందో చెప్పేయకూడదు. దగ్గరికి పోయి కూర్చుని, తిన్నావా అని అడగాలి. తిన్నానంటే ఏం తిన్నావని అడగాలి.

మీ చెల్లి పల్లూ నిద్రపోయింది. ఒరే గిరీ, నీ కాలు నువ్వు నొక్కుకుని చూసుకున్నది చాలు, నీది లేస్తుందిలే, ఇందాక మూడుసార్లు మారు వడ్డించుకున్నావు. దుప్పటి కప్పుకో. కథేమో నడుచుకుంటూ కంచి దాకా పోయింది, మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, మనిల్లు ఇదేగా.